మూడు తప్పులంత ఎత్తు

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధికి ఒక విమానం వచ్చింది. ఆకాశంలోంచి కాదు, ప్రొద్దుటూరు బస్సు టాపు మీద నుంచి, గోనెపట్టా చుట్టిన చెక్కపెట్టెలో వచ్చింది.

అది మా పక్కింటి మామది. ఆయన కువైట్‌లో ఒక షేకు ఇంట్లో కారు నడిపేవాడు. వాళ్ళు ముసల్మానులు, మేము మగ్గం నేసేవాళ్ళం, రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. నేను ఆయనను మామా అనేదాన్ని, ఆయన మా అమ్మను అక్కా అనేవాడు. ఆయన అమ్మను మాత్రం వీధి వీధంతా జేజి అనేవాళ్ళం. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు టేప్ రికార్డర్లు, కంబళ్ళు, సెంటు సీసాలు తెచ్చే రోజులవి. మామ కూడా అందరికీ అన్నీ తెచ్చాడు. తనకోసం తెచ్చుకున్నది ఆ పెట్టె ఒక్కటే. శుక్రవారం శుక్రవారం ఆ షేకు ఎడారిలో చిన్న విమానం ఎగరేసేవాడట. దాన్ని మోసి, నూనె పోసి, తుడిచి, చివరికి మామే ఎగరేయడం నేర్చుకున్నాడు. షేకుకు దాని మీద మోజు తీరిపోయాక మామకు ఇచ్చేశాడు.

పెట్టె విప్పిన రోజు జేజి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బంగారు తెచ్చినోళ్ళను జూసినా, బట్టలు తెచ్చినోళ్ళను జూసినా. పుల్లలూ పేలికలూ తెచ్చినోన్ని నిన్నే జూస్తాండా రా" అంది.

ఆమె అన్నది అబద్ధమేమీ కాదు. అది పుల్లల చట్రమే, దాని మీద బిగించిన పల్చటి గుడ్డే. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు నా కంటే పొడవు. పైన ఎరుపు, అడుగున తెలుపు. ఆ రెక్క విమానం ఒంటికి అతికి ఉండదు, రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉంటుంది, నేలకు తగిలితే విరగకుండా ఊడి పక్కకు పడాలని. ముక్కు దగ్గర పిడికిలంత ఇంజను. దానికి మద్రాసు నుంచి తెప్పించిన ఏదో స్పిరిట్టులో ఆముదం కలిపి పోసేవాడు. మా అమ్మ నా తలకు పట్టించే ఆముదమే విమానానికీ పోస్తారని తెలిసి నాకు శానా గర్వమయింది.

విమానానికీ మనకూ మధ్య తాడు ఉండదు, దారం ఉండదు. మామ చేతిలో ఒక పెట్టె, దాని మీద పైకి నిలబడిన పొడుగాటి తీగ, పెట్టె మీద రెండు పుల్లలు. బొటనవేలితో పుల్ల నొక్కితే అక్కడెక్కడో ఆకాశంలో రెక్క వంగుతుంది.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఐదో తరగతితో బడి మాన్పించి నన్ను రాట్నం దగ్గర కూర్చోబెట్టారు, మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి. నా తోటివాళ్ళంతా బడిలో ఉండే వేళ ఇంటి దగ్గర ఉండేదాన్ని నేనొక్కదాన్నే. అందుకే నూనె డబ్బా మోయడానికి మామ నన్ను పిలిచేవాడు. పెన్నా నదిలో ఆ మంచు నెలలో నీళ్ళు అవతలి గట్టు పక్కన సన్నగా ఒక పాయ, మిగతాదంతా ఇసుక. అక్కడ ఎగరేసేవాడు.

ఒకరోజు నేను అడిగాను, నాకూ నేర్పమని. ఆయన నవ్వలేదు. పెట్టె ఇవ్వనూ లేదు. నన్ను ఇసుకలో నిలబెట్టి చేతులు చాపమన్నాడు. "నువ్వే ఇమానం. నేను పుల్ల యా పక్కకు నొక్కితే ఆ పక్క చెయ్యి వంచి పరుగెత్తు" అన్నాడు. పరుగెత్తాను. ఆయన నుంచి దూరంగా పోయేటప్పుడు బాగానే ఉంది, ఆయన కుడి నాకూ కుడే. వెనక్కి తిరిగి ఆయనకు ఎదురుగా వస్తుంటే అంతా తారుమారయింది. ఆయన కుడి నాకు ఎడమ. కొత్తగా నేర్చుకునేవాళ్ళ విమానాలన్నీ ఎదురొచ్చేటప్పుడే పడిపోతాయట. విమానం ఎదురొస్తూ ఒక పక్కకు ఒరిగితే మన చెయ్యి దాన్ని అవతలి పక్కకు లాగాలని చూస్తుంది. లాగితే ఇంకా ఒరుగుతుంది.

"అందుకని కుడి ఎడమా మర్చిపో. ఎదురొచ్చేటప్పుడు యా రెక్క కిందికి వంగిందో ఆ పక్కకే పుల్ల నొక్కు. పడిపోతాండే పందిరికి గుంజ పెడతాం జూడు, అట్ల. వంగిన కాడికే గుంజ" అన్నాడు. తొమ్మిది రోజులు ఆ ఇసుకలో పరుగెత్తాను. ఒకసారి నేను విమానం, ఒకసారి ఆయన విమానం. నలభై ఏళ్ళ మనిషి చేతులు చాపుకొని పరుగెడుతుంటే చాకిరేవు దగ్గర ఆడవాళ్ళు గుడ్డలు ఉతకడం ఆపి నవ్వేవాళ్ళు.

ఆయన సెలవు అయిపోవచ్చింది. సోమవారం ప్రయాణం. ఆదివారం పొద్దున ఆఖరిసారి ఎగరేస్తాననీ, వీధంతా రావాలనీ చెప్పాడు. జేజి ఒక్కసారీ చూడలేదు, ఆమెను ఎట్లాగైనా తీసుకొస్తానన్నాడు. నాతో మాత్రం విడిగా ఒక మాట అన్నాడు, "ఆ దినం పెట్టె నీ చేతికిస్తా" అని. ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు. నా చేతికి కండె తప్ప ఇంకేమీ ఇవ్వని ఇంట్లో పెరిగినదాన్ని.

శనివారం మామ ఆముదం కోసం ప్రొద్దుటూరు పోయాడు. వాళ్ళింటికి జల్లెడ తిరిగివ్వడానికి వెళ్ళాను. అత్త లేదు, జేజి కునుకుతోంది. విమానం దూలానికి వేలాడుతోంది. అడగకుండా ఎవరి వస్తువూ ముట్టుకోవద్దని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. రేపు పట్టుకోబోయేదాన్ని ఈరోజు ఒకసారి పట్టుకుంటే ఏమవుతుందనుకున్నాను. మంచం ఎక్కి దించాను. దించి పక్కకు తిరిగాను. నా వెనక అంత పొడవు రెక్క ఉందని మర్చిపోయాను. తలుపు గొళ్ళెం ఎడమ రెక్క అడుగున పట్టుకుంది. గుడ్డ చర్రున చిరిగింది, లోపల ఒక పుల్ల విరిగింది.

జేజి అటు పక్కకు ఒత్తిగిలింది గానీ లేవలేదు.

ఏడవలేదు. ఏడిస్తే పని జరగదని అప్పటికే తెలుసు. రబ్బరు బ్యాండ్లు విప్పి రెక్క ఒక్కటే తీసి, ఒంటిని మంచం కిందికి తోసి, రెక్కను దండెం మీది చీరలో చుట్టి, వాళ్ళ మిద్దె మీద నుంచి మా మిద్దె మీదికి దాటించాను. నేత ఇంట్లో గుడ్డకు కొదవా? పంచె కోసిన తర్వాత మగ్గం చివర మిగిలే పల్చటి ముక్క తీసుకున్నాను. వెదురు బద్ద సన్నగా చీల్చి విరిగిన పుల్లకు ఆనించి నూలుతో కట్టాను. గుడ్డను తడిపి, చిరుగు మీద లాగి పట్టి, మగ్గం మీది పడుగు దారాలకు పెట్టే చిక్కటి గంజి పూశాను. ఎండలో ఆరాక ఇంకో పూత పూశాను. మధ్యాహ్నానికి వేలితో కొడితే డప్పులాగా మోగింది. తెలుపు మీద తెలుపు, అతుకు కనపడలేదు. నిజం చెప్పాలంటే, భయం పోయి నా పనితనం చూసుకొని మురిసిపోయాను. సాయంత్రం బస్సుకు మామ వచ్చేసరికి విమానం దూలానికి ఎప్పటిలాగే వేలాడుతోంది. ఆయన దాన్ని దించి రెండు చేతులతో ఒకసారి తూచినట్టు పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. మళ్ళీ వేలాడదీశాడు.

ఆదివారం పొద్దున పెన్నలో మంచు. ఎదురుగా మనిషి ఉంటే గుర్తు పట్టడానికి కాసేపు పట్టేంత మంచు. మా వీధి వీధంతా గట్టు కింద ఇసుకలో చేరింది. జేజికి చాప వేసి ముందర కూర్చోబెట్టారు. మామ ఇంజనులో నూనె పోస్తుంటే నేను విమానాన్ని పట్టుకొని ఉన్నాను. నా వేళ్ళు రెక్క అడుగున ఉన్నాయి.

గుడ్డ మెత్తగా ఉంది.

మా వీధిలో పుట్టిన పిల్లలకు మాటలు రాకముందే తెలిసే సంగతి అది. మంచు నెలల్లో పొద్దెక్కితే తప్ప పడుగుకు గంజి పెట్టరు. తేమ తగిలితే గంజి మెత్తబడుతుంది, బిగువు వదులుతుంది. అన్నీ తెలిసి, ఎండలో డప్పులాగా మోగిందని మురిసిపోయి, రాత్రంతా దాన్ని నది పక్క ఇంట్లో వేలాడనిచ్చాను. నా వేలు నొక్కిన చోట గుడ్డ లోపలికి పోయి, అక్కడే ఉండిపోయింది.

నోరు తెరిచాను. అప్పుడే జనంలోంచి ఎవరో, "ఏమప్పా, ఎగరేస్తాండావా లేదా? పొయ్యి మింద ఎసరు పెట్టొచ్చినాం" అని అరిచారు. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా ఆ నవ్వుల్లో ఉంది. ఇప్పుడు చెబితే అందరి ముందూ అమ్మకు తల కొట్టేసినట్టవుతుంది. పెట్టె నా చేతికి రాదు. జేజి చూడకుండానే వెనక్కి పోతుంది. ఇన్ని లెక్కలు వేసుకున్నాను గానీ, అది జేజి నెత్తిన పడితే అన్న లెక్క మాత్రం వేసుకోలేదు. నోరు మూసుకున్నాను.

ఇంజను అందుకుంది. ఆముదం పొగ మంచులో కలిసింది. మామ వదలమన్నాడు, వదిలాను. విమానం ఇసుక మీద పరుగెత్తి లేచింది. జనం ఒక్కసారిగా "ఓ" అన్నారు. జేజి చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూస్తూ, "యాడుండాది? ఆ... ఆ... కనపడ్తాండాది!" అంది. పైన మంచు పల్చగా ఉంది, ఒరిగినప్పుడల్లా ఎర్ర రెక్క ఎండలో మెరిసింది.

మామ దాన్ని నీళ్ళ పాయ వైపు ఎత్తుకుపోయాడు. కాసేపు తిప్పాడు. రెక్క వంగకుండా బొటనవేలు ఒక పక్కకే ఆనించి ఉంచాడు. నేను చూశాను. చూసి ఇంకా ఊరుకున్నాను. తర్వాత ఆయన పెట్టె నా చేతిలో పెట్టి నా వెనక నిలబడ్డాడు.

"మూడు తప్పులంత ఎత్తులో పెట్టినా. నేర్చుకునేవాళ్ళకు అంత ఎత్తు కావల్ల. రెండు నీవి, ఒకటి నాది. భయపడొద్దు" అన్నాడు.

పెట్టె అనుకున్నంత బరువు లేదు. నా బొటనవేలి కింద పుల్ల, ఆ పుల్ల కొసన ఆకాశం. రెండు మూడు క్షణాలు బాగానే పోయింది. ఆ తర్వాత ఎడమ రెక్క కిందికి దిగడం మొదలుపెట్టింది. సర్దాను. మళ్ళీ దిగింది. ఈసారి ఇంజను చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపించింది, గాలికి ఆరేసిన చీర కొట్టుకున్నట్టు. గుడ్డ ఊడుతోంది.

విమానం వంపు తిరిగి మా వైపుకు వచ్చింది. మా వెనకే జనం, ముందర చాప మీద జేజి.

మామ గొంతు నా చెవి దగ్గర వినపడింది, నెమ్మదిగా, కోపం లేకుండా. "పాపా, ఆ రెక్కకు ఏం జేసినావు?"

నా కళ్ళు విమానం మీదే ఉన్నాయి. అది ఇంకా ఒరిగింది. నా వేలు నాకు తెలియకుండానే అవతలి పక్కకు లాగింది, తొమ్మిది రోజులు వద్దని నేర్పిన పక్కకే. ముక్కు కిందికి వాలింది.

"చెప్తే మనం దించుతాం. చెప్పకుంటే అదే దిగుతాది."

"నేనే చింపినా మామా" అన్నాను. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. "నిన్న. ఎడమ రెక్క అడుగున. పుల్ల గూడా ఇరిగింది. గంజి గుడ్డ అంటించినా."

"గంజా!" అని ఆయన ఒకసారి మంచు వైపు చూశాడు. "యా అల్లా. సరే, ఇంక తిప్పగూడదు. తిప్పితే గుడ్డ మొత్తం లేచిపోతాది. ఎదురుగానే రానీ."

తల తిప్పి జనం మీదికి అరిచాడు, పక్కకు పొమ్మని. ఆడవాళ్ళు పిల్లల రెక్కలు పట్టుకొని పరుగెత్తారు. జేజి మాత్రం చాప మీద నుంచి కదల్లేదు. "నేనేంటికి పోవల్ల? నా కొడుకు ఇమానం నన్ను గుద్దుతాదా?" అంది. నా కొడుకు ఇమానం అని ఆమె అనడం అదే మొదటిసారి. దాన్ని నడిపేది ఆమె కొడుకు కాదని ఆమెకు తెలియదు.

"మామా, నువ్వు తీసుకో" అన్నాను.

"పెట్టె చేతులు మారేలోపల అది నేల మింద ఉంటాది. నీ చేతిలోనే ఉండనీ. యా రెక్క వంగింది?"

"ఇది" అన్నాను, నా కుడి వైపు చూస్తూ. దాని ఎడమ రెక్క ఎదురుగా వస్తుంటే నాకు కుడి వైపునే ఉంది.

"ఆ పక్కకే. గుంజ పెట్టు."

ఒళ్ళంతా వద్దంటున్నా ఆ పక్కకే నొక్కాను. వంగిన రెక్క ఆగింది. ఆగి, ముసలమ్మ మెట్టు ఎక్కినట్టు, మెల్లగా లేచింది. నా వేళ్ళ పక్క నుంచి ఆయన వేలు వచ్చి రెండో పుల్లను కిందికి లాగింది. ఇంజను సన్నగిల్లింది, ఆగిపోయింది. ఇక చప్పుడల్లా గాలికి కొట్టుకునే నా గంజిగుడ్డదే. మళ్ళీ వంగింది, మళ్ళీ గుంజ పెట్టాను. మళ్ళీ వంగింది. చక్రాలు ఇసుకకు తగిలాయి, ముక్కు కూరుకుపోయింది, రబ్బరు బ్యాండ్లు పటపటా తెగి రెక్క ఎగిరి పక్కకు పడింది. విమానం ఒళ్ళు మాత్రం ఇసుకను చీల్చుకుంటూ వచ్చి చాపకు రెండు బారల దూరంలో ఆగింది.

జేజి చీర మీద పడ్డ ఇసుక దులుపుకొని, "ఏమైంది రా దానికి?" అంది.

మామ పోయి రెక్క ఎత్తాడు. అడుగున గుడ్డ నాలుకలాగా వేలాడుతోంది, వెదురు బద్ద కనపడుతోంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. అందరూ ఆయన నోటి మాట కోసం చూస్తున్నారు. ఆయన ఎందుకు మాట్లాడటం లేదో నాకొక్కదానికే తెలుసు. గాలికి చిరిగిందని ఒక్క మాట అంటే ఆ సంగతి అంతటితో ముగిసిపోయేది. ఆయన అనలేదు. నాకోసం అబద్ధం ఆడనూ లేదు, నన్ను పట్టివ్వనూ లేదు.

చెప్పాను. అందరి ముందూ, మొదటి నుంచి, గొళ్ళెం దగ్గర్నుంచి చెప్పాను. మంచులో నా గొంతు నాకే వేరేవాళ్ళదిలాగా వినిపించింది. అయిపోయేసరికి మా అమ్మ చెయ్యి నా వీపు మీద పడింది. రెండోది పడబోతుంటే మామ అడ్డం వచ్చాడు.

"ఉండక్కా. లెక్క ముందే చెప్పినా పాపకు, మూడని. చింపింది ఒకటి. చింపి చెప్పనిది ఒకటి. ఆ రెండూ దానివి."

"మూడోది?" అంది అమ్మ, చెయ్యి దించకుండానే.

"మూడోది నాది. నిన్న సాయంత్రం చేత్తో పట్టుకున్నప్పుడే ఆ రెక్క బరువు తేడా తెలిసింది. పాపే చెప్తాదిలే అని ఊరుకున్నా. అడగల్సింది నేను. అడక్కుండా, మా అమ్మను ముందర కూర్చోబెట్టి ఎగరేసినా." ఆయన రెక్కను భుజాన ఎత్తుకున్నాడు. "మూడూ అయిపాయ. ఇంకొక్కటి ఉన్నా అది సక్కంగా నేల మిందికి వచ్చేది కాదు."

జేజి అదంతా విని, కొడుకును ఎగాదిగా చూసి, "నాలుగోది నాది లే, లెయ్యమంటే లెయ్యలా" అంది. జనమంతా ఒక్కసారి నవ్వారు. అమ్మ కూడా చెయ్యి దించింది. ఇంటికి పోయాక ఆ రెండో దెబ్బ పడిందనుకోండి, అది వేరే సంగతి.

మరునాడు బస్సు ఎక్కే ముందు మామ ఆ రెక్కను తెచ్చి మా రాట్నం పక్కన ఆనించాడు. ఒక వార్నీషు సీసా ఇచ్చాడు. ఈసారి గంజి వద్దన్నాడు, అంతే. దాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ కట్టి, గుడ్డ బిగించి, వార్నీషు పూయడానికి నాకు రెండు నెలలు పట్టింది. రెండు వైపులా బరువు సరిపోయిందో లేదో చూడటానికి మధ్యలో దారం కట్టి వేలాడదీసేదాన్ని. మళ్ళీ సెలవుకు ఆయన వచ్చినప్పుడు ఎగరేశాం. ఆ రోజు లేపడం నుంచి దించేదాకా పెట్టె నా చేతిలోనే ఉంది. ఆయన వెనక నిలబడి బీడీ కాల్చుకున్నాడు.

ఆ తర్వాత పెళ్ళయి పులివెందుల వచ్చేశాను. చీనీ బత్తాయి తోట, బోరు, పిల్లలు, మనవరాళ్ళు. నేను మెత్తటి మనిషిని కాదు, ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడిస్తాను, ఒక్క రబ్బరు బ్యాండు కూడా పారేయనివ్వను. ఇప్పుడు తోటల మీద మందు కొట్టడానికి డ్రోన్లు వస్తున్నాయి. మా చెట్ల మీద అది తిరుగుతుంటే గట్టు మీద నిలబడి చూస్తాను. మా వైపు వస్తూ అది ఒక పక్కకు ఒరిగిందంటే, కొంగు కింద నా బొటనవేలు దానంతటదే ఆ పక్కకు కదులుతుంది.

మొన్న మా చిన్న కోడలు బోరు మోటారు ఆపడం మర్చిపోయి కాల్చేసింది. రెండు రోజులు చెప్పకుండా, నీళ్ళు రావడం లేదని మాత్రం చెప్పుకుంటూ వచ్చింది. మూడో రోజు నా ముందు నిలబడి చెప్పింది, చీర కొంగు నలుపుకుంటూ. తిట్టడానికి నోరు తెరిచాను. రెండు ఆమెవి, సరే. కాలిన వాసన నాకు మొదటి రోజే తగిలింది. ఆమే చెబుతుందిలే అని ఊరుకున్నాను.

"మూడోది నాది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను.